బేగం రొకేయా – మనస్సు మీది పరదా

మా కళాశాల గ్రంథాలయంలో మహాపురుషుల జీవితచరిత్రలకు ప్రత్యేకంగా ఒక బీరువా ఉంది. ఆ పేరు పెట్టినవారి ఉద్దేశంలో దోషమేమీ లేదు. కాని ఆ ఒక్క మాటతోనే మానవజాతిలో సగభాగం బీరువా వెలుపల నిలిచిపోయిందన్న సంగతి మాకు చాలాకాలం తోచలేదు. బి.ఏ. తరగతి విద్యార్థిని ఒకామె, అందులో స్త్రీల చరిత్రలు ఎన్ని ఉన్నాయని ఒకనాడు అడిగినప్పుడు లెక్కించి చూశాం. ఒక చేతి వేళ్లకు మించలేదు. ఆ ప్రశ్న మా మనస్సులో నాటుకొని ఉండగా, ఈ సంచికకు ఒక జీవితచరిత్ర వ్రాయవలసినదిగా సంపాదకవర్గం కోరింది. వంగదేశపు విదుషీమణి బేగం రొకేయా సఖావత్ హుసేన్ జీవితాన్ని అందుకే ఎన్నుకొన్నాం.

స్త్రీవిద్య కోసం పాటుపడినవారు మనదేశంలో పలువురున్నారు. రొకేయా ప్రత్యేకత మరొకచోట ఉంది. స్త్రీల దుస్థితికి కారణం వెదుకుతూ ఆమె చట్టాల దగ్గర, ఆచారాల దగ్గర ఆగిపోలేదు. మనస్సు దాకా వెళ్లారు. తరతరాలుగా ఒకరిమీద ఆధారపడి బ్రతికినవారికి ఆ ఆధారమే సుఖమనిపిస్తుందనీ, బానిసత్వం మొదట మనస్సులో స్థిరపడి, ఆ తరువాతనే సంసారంలోను, సంపాదనలోను, రాజ్యవ్యవహారాలలోను తన రూపం చూపిస్తుందనీ ఆమె గ్రహించారు. మనస్తత్వశాస్త్రం మన విశ్వవిద్యాలయాలలో ప్రత్యేక శాఖగా నిలదొక్కుకొనక ముందే, ఏ పాఠశాల గడపా త్రొక్కని ఒక యువతి ఈ నిర్ణయానికి రావడం మాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

నేటి బంగ్లాదేశ్ ఉత్తరభాగంలోని రంగపూర్ జిల్లాలో పాయరాబంద్ అనే గ్రామముంది. 1880 డిసెంబరు 9వ తేదీన రొకేయా అక్కడి జమీందారు ఇంట జన్మించారు. తండ్రి జహీరుద్దీన్ ముహమ్మద్ అబూ అలీ హైదర్ సాబేర్, తల్లి రాహతున్నిసా. తండ్రి గొప్ప చదువరి. పలుభాషలు నేర్చినవాడు. కుమారులు ఇబ్రాహీం, ఖలీల్‌లను కలకత్తా సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివించాడు. కుమార్తెల విషయం వచ్చేసరికి అదే మనిషి వేరే మనిషి అయ్యేవాడు. ఆడపిల్లలు ఖురాన్‌ను అర్థం తెలియకుండా పఠించగలిగితే చాలు. మర్యాదస్థుల భాషలన్న పేరున అరబ్బీ, పారశీకం, ఉర్దూ కొంత నేర్చినా ఫరవాలేదు. వంగభాష మాత్రం పనికిరాదు. అది ఊరివారి భాష, సామాన్యుల భాష. చదువు విలువ ఎరిగిన తండ్రి ఒకే కప్పు క్రింద ఇద్దరికి చదువు పంచి, ముగ్గురికి నిరాకరించడంలో విరోధం ఉన్నదని ఆయనకు తోచలేదు. తోచకపోవడమే ఇక్కడ గమనింపదగిన విషయం. ఆయన క్రూరుడు కాడు. తన కాలపు అభిప్రాయాన్ని తన సొంత అభిప్రాయంగా భావించినవాడు, అంతే.

ఆ ఇంట ఆడపిల్లలకు అయిదవ యేటనే పరదా ప్రారంభమయ్యేది. పరపురుషుల నుండియే కాదు, పరాయి స్త్రీల నుండి కూడా దాగవలసిందే. అన్నగారి అత్తవారి వైపునుండి ఇద్దరు దాసీలు వచ్చి, ఇల్లంతా స్వేచ్ఛగా తిరుగుతున్న రోజులలో, అయిదేళ్ల రొకేయా వారి కంటబడకుండా మేడమీది గదిలో రోజుల తరబడి నక్కి కూర్చొంది. వేళకు అన్నం పెట్టేవారు లేరు. హాలూ అనే పసివాడు, వరుసకు మేనల్లుడు, ఆటలాడుతూ పైకి వచ్చి ఆమెను చూసి, అడిగినది తెచ్చి ఇస్తేనే ఏదైనా నోట పడేది. దాహం, ఆకలి, భయం కలిసిన ఆ చీకటిగదిని ఆమె యాభయ్యేళ్లు వచ్చినా మరువలేదు. తాను తప్పు చేయకుండానే తప్పుచేసినదానివలె దాగుకోవడం ఒక పిల్లకు అలవాటైతే, ఆ పిల్ల పెద్దదైన తరువాత తలయెత్తి మాట్లాడడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఈ చీకటిలో ఆమెకు ఇద్దరు వెలుగు చూపారు. ఒకరు అక్క కరీమున్నిసా. ఆమెకు వంగభాషపై మక్కువ. దొంగచాటుగా చదువుతూ పట్టుబడగా చదువు మాన్పించి చిన్నవయస్సుననే వివాహం చేసి పంపారు. అయినా ఆమె చెల్లెలికి అక్షరాలు నేర్పింది. అరవై దాటిన వయస్సులో తాను అరబ్బీ నేర్వడానికి పూనుకొంది. రెండవవారు అన్న ఇబ్రాహీం సాబేర్. ఇంటివారందరూ నిద్రించిన తరువాత, క్రొవ్వొత్తి వెలుతురున, చెల్లెలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇంగ్లీషు నేర్పేవారు. పగలు ఆ పుస్తకాలు కనబడకూడదు. రొకేయా తరువాతి కాలంలో తమ పద్మరాగం అనే నవలను ఈ అన్నకు, మోతీచూర్ రెండవ సంపుటాన్ని ఆ అక్కకు అంకితమిచ్చారు. జమీందారీ ఆస్తిలో ఆమెకు ఏమి దక్కినదో గాని, అసలైన వారసత్వం మాత్రం ఆ ఇద్దరి చేతులమీదుగా అందింది.

1898లో ఆమెకు వివాహమైంది. వరుడు ఖాన్ బహాదూర్ సయ్యద్ సఖావత్ హుసేన్, బీహారులోని భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. వయస్సు నలభైకి దగ్గర. మొదటి భార్య చనిపోయింది. ఒక కుమార్తె ఉంది. మాతృభాష ఉర్దూ. ఈ లెక్కలు చూస్తే, పద్దెనిమిదేళ్ల పిల్లకు ఇది తగిన సంబంధమేనా అని మన అక్కచెల్లెళ్లు ముక్కుమీద వేలు వేసుకొంటారు. ఇబ్రాహీం సాబేర్ వేరే లెక్క వేశారు. సఖావత్ హుసేన్ ఇంగ్లండులో చదివి వచ్చినవారు, విశాలహృదయులు. చెల్లెలి చదువుకు అడ్డురారని ఆయన నమ్మారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు. భర్త ప్రోత్సాహంతో ఆమె ఇంగ్లీషును బాగుగా సాధించారు, వంగభాషలో రచన ప్రారంభించారు. వంగభాష చదవడం నేరమైన ఇంట పుట్టి, ఉర్దూ ఇంట మెట్టి, వంగసాహిత్యంలో స్థానం సంపాదించడం సామాన్యమైన విషయం కాదు. తన పొదుపు నుండి పదివేల రూపాయలు ఆడపిల్లల పాఠశాల కోసం సఖావత్ హుసేన్ ప్రత్యేకించి పెట్టారు. స్త్రీవిద్య మంచిదని సభలలో చెప్పినవారు ఆనాడూ ఉన్నారు. సొమ్ము తీసి ప్రక్కన పెట్టినవారు ఎందరు?

1902 నుండి ఆమె రచనలు పత్రికలలో రాసాగాయి. 1904లో నవనూర్ అనే పత్రికలో స్త్రీజాతి అవనతిని గురించి ఒక వ్యాసం వెలువడింది. ఆ వ్యాసంలో ఆమె చేసినది మనోవిశ్లేషణమే. నగలను గురించి ఆమె చూపిన సాదృశ్యాలు వంగదేశమంతటా గగ్గోలు పుట్టించాయి. కైదీ కాళ్లకు ఇనుప సంకెళ్లు, స్త్రీల కాళ్లకు వెండి కడియాలు. కుక్క మెడకు పట్టెడ, స్త్రీ మెడకు హారం. ఎద్దుకు ముక్కుత్రాడు, స్త్రీకి ముక్కుపుడక. సంకెల బంగారంతో చేస్తే ధరించినవారే దానిని చూసి మురుస్తారు; లేనివారు లేదని దుఃఖిస్తారు. ఇది పరిహాసం కాదు, ఆర్థికశాస్త్రం కూడా. తన పేర ఒక బిగా భూమి గాని, చేతిలో ఒక వృత్తి గాని లేని స్త్రీకి ఒంటిమీది బంగారమే ఆస్తి అని మనం సమాధానం చెప్పవచ్చు. రొకేయా అడిగినది అదే: ఆస్తి అంతా ఒంటిమీదనే ఎందుకు ఉండవలసి వచ్చింది?

ఆమె సమాధానం సూటిగా ఉండేది. స్త్రీ తాను సంపాదించనిదే ఆమె మాటకు ఇంట విలువ రాదు. గుమాస్తా మొదలు న్యాయాధిపతి వరకు ఏ ఉద్యోగానికైనా స్త్రీలు సిద్ధపడాలనీ, ఉద్యోగం దొరకకపోతే వ్యవసాయం చేయవచ్చుననీ ఆమె వాదించారు. భర్త ఇంట పగలూ రాత్రీ చేసే శ్రమనే సొంత వ్యాపారంలో చేయలేరా అన్నది ఆమె ప్రశ్న. అర్ధాంగి అనే వ్యాసంలో మరొక లెక్క ఉంది. ఇస్లాం ధర్మశాస్త్రం కుమార్తెకు కుమారుని భాగంలో సగం విధించింది. సరే, ఆ సగమైనా ఇస్తున్నారా? కుమారునికి నలుగురు ఉపాధ్యాయులను పెట్టిన తండ్రి కుమార్తెకు ఇద్దరిని పెడుతున్నాడా? ప్రేమలోనైనా, చదువులోనైనా ఆ సగం లెక్క ఎక్కడ కనబడుతోంది? శరియత్ మాట ఎత్తి ఆమె నోరు మూయించాలని చూసినవారికి, ఆ శరియత్ నుండే ఆమె లెక్క తీసి చూపారు. ఒక చక్రం పెద్దది, ఒక చక్రం చిన్నది అయిన బండి ముందుకు పోదు, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుందన్న పోలిక కూడా ఆ వ్యాసంలోనిదే. మా విద్యార్థులు వక్తృత్వపు పోటీలలో ఈ బండిని విరివిగా తోలుతుంటారు. తోలేముందు ఎవరి బండియో తెలిసికొంటే సంతోషిస్తాం.

ఆమె దృష్టి జమీందారుల జనానాలకే పరిమితం కాలేదు. రంగపూర్ ప్రాంతంలో రైతుల ఇండ్లలోని స్త్రీలు ఆముదపుచెట్ల ఆకులతో పురుగులను పెంచి ఎండి అనే ముతక పట్టును తీసి నూలు వడికేవారు. ఇంటిల్లిపాదికి బట్ట ఆ చేతులలోనే తయారయ్యేది. సన్నని అంగడిబట్ట నాగరికత అనీ, ఇంటి బట్ట మోటు అనీ భావం ప్రబలిన తరువాత ఆ విద్య అంతరించింది. బట్టకు రొక్కం కావలసి వచ్చింది. రొక్కానికి అప్పు కావలసి వచ్చింది. రైతు దుఃఖాన్ని గురించి వ్రాస్తూ ఆమె ఈ కార్యకారణ సంబంధాన్ని చక్కగా విప్పి చూపారు. స్త్రీ చేతిపని నీచమన్న భావం ఒక మనస్సులోని అభిప్రాయంగా మిగిలిపోదు, గ్రామం మొత్తాన్ని అప్పులపాలు చేస్తుందన్నమాట.

నవనూర్ వ్యాసంపై వచ్చిన అలజడిలో ముఖ్యమైన ఘట్టం ఒకటి ఉంది. మతగ్రంథాల పేరిట పురుషులు తమ అధికారాన్ని నిలుపుకొంటున్నారన్న అర్థంలో అందులో కొన్ని ఖండికలు ఉండేవి. వాటిపై తీవ్రమైన ఆక్షేపణ వచ్చింది. ఆ వ్యాసాన్ని మోతీచూర్ మొదటి సంపుటంలో చేర్చినప్పుడు ఆ ఖండికలను, మొత్తం అయిదింటిని, తొలగించారు. వాటి ముచ్చట మరల చేయవలసి ఉంది. ముందు ఆమె స్వప్నాన్ని చూద్దాం.

సఖావత్ హుసేన్ ఉద్యోగరీత్యా పర్యటనకు వెళ్లినప్పుడు, కాలక్షేపం కోసం, ఇంగ్లీషు అభ్యాసం కోసం ఆమె ఒక కథ వ్రాశారు. భర్త తిరిగివచ్చి, కూర్చొనకుండా నిలబడినచోటనే మొత్తం చదివి, ఇది మగవారిపై తీర్చుకొన్న ఘోరమైన పగ అని మెచ్చుకొన్నారట. అదే సుల్తానా స్వప్నం. 1905లో మద్రాసు నుండి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ దానిని ప్రచురించింది. ఆ పత్రికను నడిపిన కమలా సత్యనాథన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారన్న విషయం మనవారికి అంతగా తెలియదు. భాగల్పూరులో పరదా చాటున కూర్చొన్న ఒక ముస్లిం యువతి కలను ఒక తెలుగు క్రైస్తవ మహిళ మద్రాసులో అచ్చువేసింది. అటువంటి చుట్టరికాలు మన దేశంలో లేకపోలేదు.

ఆ కథలో స్త్రీరాజ్యం ఉంది. పురుషులు మర్దానాలో ఉండి వంట చేస్తారు, పిల్లలను పెంచుతారు. వీధులలో స్త్రీలు తిరుగుతారు. స్త్రీల విశ్వవిద్యాలయాలు ఆకాశం నుండి నీటిని గ్రహిస్తాయి, సూర్యతాపాన్ని నిలువచేసి వంటకు, యుద్ధానికి కూడా వినియోగిస్తాయి. ఈ విచిత్రాలను చూసి నవ్వుకొని పుస్తకం మూసివేస్తే అసలు విషయం జారిపోతుంది. అక్కడి పురుషులను బలంతో ఎవరూ లోపలికి త్రోయలేదు. యుద్ధంలో ఓడి, గాయపడి, అలసివచ్చినప్పుడు రాణి కోరగా తామే లోపలికి వెళ్లారు. మొదట కొంతమంది వెలుపలికి రావాలని కోరారు. క్రమంగా అలవాటుపడ్డారు, ఇప్పుడు సణుగుడు కూడా లేదు. బలమే యోగ్యత అయితే సింహం మనిషిని ఏలవలసింది గదా అనీ, పిచ్చివారిని లోపలుంచి మంచివారిని బయట తిరగనివ్వడం లోకాచారం కాగా మీ దేశంలో ఇది తారుమారైందేమనీ కథలోని పాత్ర అడుగుతుంది. రొకేయా ఈ కథలో పురుషులను స్త్రీల స్థానంలో ఉంచి చూపారు. వారు కూడా ఒక తరంలోనే ఆ స్థానానికి ఒదిగిపోయారు. ఒదిగిపోవడం స్త్రీస్వభావం కాదు, స్థానస్వభావం అని ఇంతకన్న తేటగా నిరూపించిన రచన మేము చదువలేదు.

సంసారజీవితంలో ఆమెకు సుఖం స్వల్పం. ఇద్దరు ఆడపిల్లలు పుట్టి నెలల వయస్సులోనే కన్నుమూశారు. భర్తకు మధుమేహం ముదిరి చూపు పోయింది. ఆమె సేవచేశారు. 1909 మే 3వ తేదీన సఖావత్ హుసేన్ మరణించారు. అప్పటికి ఆమె వయస్సు ఇరవైతొమ్మిది నిండలేదు. అయిదు నెలలు తిరగకముందే, అక్టోబరు 1వ తేదీన, అయిదుగురు బాలికలతో భాగల్పూరులో పాఠశాల తెరిచారు. కాని సవతి కుమార్తె, అల్లుడు ఆస్తి తగాదా పెట్టారు. భర్త ఇంట ఆమెకు నిలువనీడ లేకపోయింది. వితంతువు తన భర్త ఆశయాన్ని అతని సొమ్ముతోనే నెరవేర్చబోతే, కుటుంబానికి అది ధర్మంగా కనబడలేదు. తమ ధనం వెలుపలికి పోతున్నట్లు కనబడింది. ఆమె భాగల్పూరు విడిచి కలకత్తా చేరారు. 1911 మార్చి 16వ తేదీన వలీవుల్లా సందులోని 13వ నంబరు ఇంట ఎనిమిదిమంది విద్యార్థినులతో సఖావత్ మెమోరియల్ బాలికల పాఠశాల తిరిగి ప్రారంభమైంది.

పాఠశాల పెట్టిన ఆ ప్రధానోపాధ్యాయినికి పాఠశాల అంటే ఏమిటో తెలియదు. ఒకే ఉపాధ్యాయిని అంతమంది పిల్లలకు ఒకేసారి పాఠం ఎలా చెబుతుందన్నది మొదట్లో ఆమెకు పెద్ద సందేహం. క్రొవ్వొత్తి ముందు ఒక అన్న, ఒక చెల్లెలు – ఆమె ఎరిగిన బడి అదొక్కటే. కలకత్తాలోని ఇతర బాలికా పాఠశాలలకు వెళ్లి, తరగతులలో వెనుక కూర్చొని, పద్ధతులు చూసి నేర్చుకొన్నారు. ముస్లిం ఉపాధ్యాయినులు దొరకడమే గగనమైతే దూరప్రాంతాలనుండి, మద్రాసు నుండి కూడా, రప్పించారు. రాత్రిళ్లు లెక్కలు చూసేవారు, ప్రభుత్వ సహాయం కోసం అర్జీలు వ్రాసేవారు, పగలు ఇంటింటికీ వెళ్లి పిల్లలను పంపమని తల్లిదండ్రులను బ్రతిమాలేవారు. 1915 నాటికి విద్యార్థినుల సంఖ్య 84కు పెరిగింది.

పిల్లలు రావాలంటే బండి కావాలి. ఆ బండికి పరదా కావాలి. కొత్తగా మోటారు బస్సు చేయించినప్పుడు జరిగిన కథను ఆమె స్వయంగా వ్రాశారు. ముందూ వెనుకా సన్నని జాలీ తప్ప గాలి చొరని పెట్టె అది. మొదటిరోజుననే పిల్లలు ఉక్కతో వాంతులు చేసుకొన్నారు. చిన్నవారు చీకటికి ఏడ్చారు. కిటికీలు తెరిచి రంగు తెరలు వ్రేలాడదీశారు. అయినా కొందరు సొమ్మసిల్లారు. తల్లులు వచ్చి పిల్లలను బ్రతికుండగానే సమాధిలో పెడుతున్నారని నిష్ఠూరమాడారు. అదేరోజు సాయంకాలం టపాలో ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఇంగ్లీషులో, తక్కినవి ఉర్దూలో. గాలికి తెరలు కదిలి పిల్లలు బయటికి కనబడుతున్నారనీ, వెంటనే సరిచేయకపోతే ఉర్దూ పత్రికలలో వ్రాసి పాఠశాలకు పిల్లలు రాకుండా చేస్తామనీ వాటి సారాంశం. మూస్తే ఊపిరాడదు, తెరిస్తే పేరు దక్కదు.

ఆమె ఏమి చేశారు? తెర ఉంచారు. బస్సు నడిపారు. తాము బురఖా ధరించి బయటికి వెళ్లేవారు. నిరాడంబరమైన హుందాతనాన్ని కాపాడే పరదా వేరు, మనిషిని గోడలమధ్య పూడ్చే అవరోధం వేరని వాదించారు. పాఠశాలలో ఖురాన్ పఠనం తప్పనిసరి చేశారు. అయితే చిలుక పలుకులుగా కాక అర్థసహితంగా నేర్పాలని పట్టుబట్టారు. వెనుక మనం ప్రస్తావించిన అయిదు ఖండికల తొలగింపును, ఈ తెరను ఒకచోట ఉంచి చూడవలసి ఉంది. కొందరు విమర్శకులు దీనిని వెనుకంజ అన్నారు. విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో మేమూ అలాగే అనుకొన్నాం. నిప్పువంటి వాక్యాలు వ్రాసిన చేయి ఉత్తరాలకు బెదిరి తెర కుట్టించడం మాకు నచ్చలేదు.

ఉపాధ్యాయవృత్తిలోకి వచ్చిన తరువాత మా అభిప్రాయం మారింది. ప్రవేశాల వేళ మా బల్ల ముందు నిలుచొనే తండ్రులు కూతురి మార్కుల జాబితా చూపే ముందు అడిగే ప్రశ్నలు మాకు తెలుసు. ఆటో ఎవరు నడుపుతారు, తరగతిలో ముందు వరుస ఎవరిది, సాయంకాలం ఎన్ని గంటలకు ఇల్లు చేరుతుంది. వారికి శాస్త్రార్థం చెప్పి ఓడించడం మాకు కష్టం కాదు. ఓడిన తండ్రి కూతురిని తీసుకొని ఇంటికి వెళ్లిపోతాడు, అంతే. ఒకసారి మేము అలా గెలిచాం కూడా. ఆ అమ్మాయి మరల కనబడలేదు. ఆ తండ్రి మనస్సులోని భయం తొలగడానికి ఒక తరం పడుతుంది. అమ్మాయి వయస్సు ఒక తరం ఆగదు. రొకేయా ఈ రెండు గడియారాలనూ ఎరుగుదురు. కలంతో పెద్దగడియారాన్ని ముందుకు త్రిప్పే ప్రయత్నం చేస్తూనే, బస్సుతో చిన్నగడియారానికి అందుకొన్నారు. తెరకు ఆమె మూల్యం చెల్లించలేదని మేమనడం లేదు. ఆ అయిదు ఖండికలు వ్రాసినవారికి వాటిని తీసివేయడం ఎంత కష్టమో ఊహించగలం. పాఠశాల నిలవడమా, వాక్యం నిలవడమా అన్న సందిగ్ధంలో ఆమె పాఠశాలను ఎన్నుకొన్నారు. అది సరియైనదా అన్న విషయంలో మా సహోద్యోగులలో ఏకాభిప్రాయం లేదు, ఉండనక్కరలేదు.

మన కళాశాలవంటి ఉభయభాషా సంస్థలో పనిచేసేవారికి ఆసక్తి కలిగించే సంగతి మరొకటి. కలకత్తాలోని ఉన్నత ముస్లిం కుటుంబాలు తమ భాష ఉర్దూయేననేవి. ఆ కారణాన ఆమె పాఠశాలలో బోధన ప్రధానంగా ఉర్దూలో జరిగింది. వంగభాషా తరగతులు పెట్టినా విద్యార్థినులు చాలినంతగా చేరలేదు. వంగభాషలో పేరుపొందిన రచయిత్రి తన బడిలో ఆ భాషకు విద్యార్థినులు లేక బాధపడ్డారు. భాషకు కూడా జనానా, మర్దానా, కులీనం, హీనం ఉంటాయేమో.

1916లో ఆమె అంజుమనె ఖవాతీనె ఇస్లాం అనే మహిళాసంఘాన్ని స్థాపించారు. పేద వితంతువులకు సహాయం, అనాథ బాలికల పెండ్లిండ్లు, బస్తీలలోని స్త్రీలకు అక్షరాలు నేర్పడం దాని పనులు. మొదటి రోజులలో ఒక గృహిణిని ఎంతో బ్రతిమాలి సభకు తీసుకొనివచ్చారట. అంతా ముగిసి ఇంటికి పోయేవేళ ఆమె, సభ చూపిస్తామని పిలిచారే, సభ ఏదీ కనబడలేదే అని అడిగిందట. నవ్వవలసిన విషయం కాదు. నలుగురు కూర్చొని తమ మంచిచెడ్డలు తామే నిర్ణయించుకోవడమే సభ అని ఆమెకు ఎవరూ చెప్పి ఉండలేదు. రాజకీయం అక్కడినుండి ప్రారంభం కావాలి. మద్రాసు శాసనసభ 1921లో స్త్రీలకు ఓటుహక్కును అంగీకరించగా, వంగ శాసనసభ అదే సంవత్సరం ఆ తీర్మానాన్ని త్రోసిపుచ్చింది. 1925లో గాని ఒప్పుకోలేదు. ఆ కోర్కె కోసం కృషిచేసిన వంగ మహిళలతో రొకేయా చేయి కలిపారు. 1926లో వంగ మహిళా విద్యాసభకు అధ్యక్షత వహించారు. సభ అంటే తెలియని గృహిణి నుండి సభాధ్యక్షత వరకు పది సంవత్సరాలు పట్టింది.

1931లో వెలువడిన అవరోధవాసిని ఆమె రచనలలో అతి కఠోరమైనది. తాము చూసినవి, విన్నవి 47 ఉదంతాలు అందులో ఉన్నాయి. వాటిలో ఒకటి భర్తవైపు చుట్టం ఒకామెది. భాగల్పూరు నుండి పాట్నా పోతూ కియూల్ స్టేషనులో రైలు మారబోయి, బురఖా కాళ్లకు తట్టుకొని పట్టాల మధ్య పడిపోయింది. వెంట ఉన్నది ఒక దాసి మాత్రమే. కూలీలు చేయి అందించి లేపబోతే ఆ దాసి బీబీగారిని ముట్టరాదని అడ్డుపడింది. ఆమెకు తానొక్కతెకు లేపే శక్తి లేదు. కొంతసేపు ఆగిన రైలు కదిలింది. చుట్టూ మనుషులు నిలబడి ఉండగా ఆ ప్రాణం పోయింది. మరొకచోట ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు ఒక గృహిణి నగల పెట్టెతో వాకిటిదాకా వచ్చి, మంటలార్పుతున్న పరాయి మగవారిని చూసి, వెనుదిరిగి మంచం క్రిందికి చేరింది. ఈ రెండు ఉదంతాలలోను బలవంతం చేసినవారు ఎవరూ లేరు. కియూల్‌లో వద్దన్నది ఒక స్త్రీ. మంచం క్రిందికి చేరినది తనంతట తానే. అయిదేళ్ల వయస్సున మేడమీది గదిలో దాగిన పిల్లకు ఈ సంగతి ఇంకొకరు చెప్పవలసిన పని లేకపోయింది.

ఈ పుస్తకం వచ్చేనాటికి ఆమె పాఠశాల ఉన్నత పాఠశాలగా ఎదిగింది. ఆమె ఆరోగ్యం క్షీణించింది. అయినా కలం విడువలేదు. 1932 డిసెంబరు 9వ తేదీ తెల్లవారుజామున, తన పుట్టినరోజుననే, కలకత్తాలో కన్నుమూశారు. వయస్సు 52. కలకత్తాకు ఉత్తరాన సోదేపూర్ వద్ద ఖననం చేశారు. ఆమె శిష్యురాలు శంసున్నహార్ మహమూద్ 1937లో ఆమె జీవితచరిత్ర వ్రాశారు. పాఠశాల తరువాత ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చి, అదే పేరుతో నేటికీ నడుస్తోంది.

మరణించిన రాత్రి కూడా ఆమె వ్రాస్తూనే ఉన్నారు. మరునాడు బల్లమీద, కాగితపు బరువు క్రింద, స్త్రీ హక్కును గురించిన ఒక వ్యాసం కనబడింది. నికాహ్ ఉభయుల సమ్మతితో జరుగుతున్నప్పుడు, విడిపోవడం మాత్రం ఒక్కరి మాటతో ఎలా జరుగుతోందన్నది అందులోని ప్రశ్న. ఉత్తర వంగదేశపు పల్లెలలో జరుగుతున్నదాన్ని వివరించబోయారు. ఆ వ్యాసం పూర్తి కాలేదు.